నిండు లోడుతో ఘాట్ ఎక్కే డీసీఎంకు బలం తిరిగి తేవడం

నాగోబా జాతర కోసం గుడారాలు, వంటపాత్రలు, నీళ్ల డ్రమ్ములు వేసుకుని హన్మకొండలో బయలుదేరిన మా డీసీఎం (మధ్యరకం లారీ) నిర్మల్ వరకు చక్కగానే వచ్చింది. మహబూబ్ ఘాట్ మొదలయ్యాక మాత్రం మూడో గేరు లాగలేదు, రెండో గేరులోనూ నల్లపొగ కక్కుతూ నడక వేగానికి పడిపోయింది. అంతకు నెల ముందే ఒక గ్యారేజీలో డీజిల్ పంపు పాడైందని చెప్పి దానికి మరమ్మతు చేశారు. అసలు లోపం, ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర ఉంది. అందుకే కొత్త బలం కోసం ఖర్చు పెట్టే ముందు, బండి పోగొట్టుకున్న బలాన్ని వెతకమని చెబుతున్నాను.

మొదట పొగను చూడాలి. బండి లాగకపోవడంతో పాటు నల్లపొగ వస్తుంటే ఇంజనుకు సాధారణంగా గాలి చాలడం లేదని అర్థం. పొగ లేకుండానే లాగకపోతే డీజిల్ సరిగా అందడం లేదేమో చూడాలి, అంటే డీజిల్ ఫిల్టరు మార్చి, అందులో చేరిన నీటిని వదిలేయాలి. పాత పంపు బండ్లలో మరొకటి కూడా చూడాలి. ఒకరు యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కి పట్టుకుంటే, పంపు మీది లివర్ చివరిదాకా వెళుతోందో లేదో మరొకరు గమనించాలి. రెండింటినీ కలిపే తీగ సాగిపోయి లివర్ సగంలోనే ఆగే బండ్లు తక్కువేమీ కావు.

గాలి విషయంలో మన ప్రాంతపు బండ్లకు ప్రత్యేక శ్రద్ధ అవసరం. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే బండి ఎయిర్ ఫిల్టరు, పుస్తకంలో రాసిన గడువు కన్నా చాలా ముందే మూసుకుపోతుంది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే బండ్ల రేడియేటర్, ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య దూది నూగు చాపలా పేరుకుంటుంది. దాన్ని ఇంజను వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి గాలితో ఊది తీయాలి. రబ్బరు పైపుల క్లిప్పుల చుట్టూ నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లటి వలయం కనిపిస్తే, టర్బో గాలి అక్కడి నుంచి పోతోందని అనుమానించాలి. మా పైపుకు క్లిప్పు దగ్గరే అడుగుభాగాన వేలెడు పొడవు చీలిక, పైపును వంచితే తప్ప కనిపించలేదు. గ్యారేజీలో పైపు చివరలు మూసి, కొద్దిపాటి గాలి పట్టించి, సబ్బునీళ్లు రాస్తే బుడగలే చోటు చూపిస్తాయి.

ఇంజను మోత పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందన్నమాట. కాస్త దూరం నడిపి ఆపాక ఒక చక్రం డ్రమ్ము మిగతావాటి కన్నా బాగా వేడెక్కి ఉంటే బ్రేకు పట్టేస్తోంది.

మన ఘాట్లు హిమాలయ రోడ్లంత ఎత్తైనవి కావు కనుక పలుచటి గాలిని తప్పుపట్టలేం. ఇక్కడ ఇంజనును పరీక్షించేది బరువు, దారి ఏటవాలు, ఎండ. 6 టన్నుల బండి, 100 అడుగులకు 6 అడుగులు లేచే దారిని గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 60 హార్స్‌పవర్ కావాలి, అదే 30 కిలోమీటర్లయితే 45 చాలు. రెండు 200 లీటర్ల డ్రమ్ములను ఖాళీగా తీసుకెళ్లి, ఘాట్ దాటాక గుడిహత్నూర్‌లో నింపుకుంటే 400 కిలోల బరువు తప్పుతుంది. ఏ మెకానిక్కూ అంత చవకగా బలం పెంచలేడు.

ఇంజనుకు డీజిల్ ఎక్కువ అందేలా పంపు స్క్రూ తిప్పించడం, చిప్ పెట్టించడం గురించి చాలామంది అడుగుతారు. డీజిల్ పెరిగితే బలం పెరిగే మాట నిజమే, కానీ దానితో పాటు వేడీ పెరుగుతుంది. పిస్టన్లలో ఎక్కువగా వాడే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. నిండు లోడుతో పది నిమిషాలు ఏకధాటిగా ఎక్కే బండిలో ఆ సాహసం వద్దని నా గట్టి అభిప్రాయం. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో పొగ ఫిల్టరును తీసేయించడం అసలే కూడదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను అడ్డుకుంటుంది.

ఎక్కేటప్పుడు ఇంజను ఊపిరి బిగబట్టేదాకా ఆగకుండా, ఎత్తు మొదలయ్యే ముందే గేరు తగ్గించాలి. పైకి చేరాక ఇంజను వెంటనే ఆపకుండా, టర్బో చల్లబడేందుకు రెండు నిమిషాలు స్లోలో ఉంచాలి. దిగేటప్పుడు న్యూట్రల్ చేయకుండా, ఎక్కిన గేరులోనే దిగాలి.