ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్‌ను సురక్షితంగా అప్‌డేట్ చేయడం ఎలా?

ఎస్‌ఎస్‌డీలో మన ఫైళ్లతో పాటు, ఆ డ్రైవ్‌ను నడిపించే చిన్న ప్రోగ్రామ్ కూడా ఉంటుంది. ఏ డేటా ఎక్కడ పెట్టాలి, పాడైన బ్లాకులను ఎలా పక్కన పెట్టాలి, ఇవన్నీ చూసుకునేది అదే. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. ఫోన్‌లో యాప్‌లను అప్‌డేట్ చేసినట్టు నెలనెలా దీన్ని కెలకాల్సిన పని లేదు. డ్రైవ్ బాగా నడుస్తూ, కొత్త వెర్షన్ నోట్స్‌లో 'పనితీరు మెరుగుపరిచాం' అన్న ముక్క తప్ప ఇంకేమీ లేకపోతే నేనైతే వదిలేస్తాను.

వదిలేయకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. క్రూషియల్ ఎం4 డ్రైవ్‌లు మొత్తం 5,184 గంటలు నడిచాక ఉన్నట్టుండి ఆగిపోయేవి. రీస్టార్ట్ చేస్తే గంటసేపు పనిచేసి మళ్లీ అదే తంతు. 2012 జనవరిలో వచ్చిన 0309 ఫర్మ్‌వేర్‌తో ఆ పీడ వదిలింది. శాంసంగ్ 980 ప్రోలో 3బి2తో మొదలయ్యే ఫర్మ్‌వేర్ ఉన్న కొన్ని డ్రైవ్‌లు రీడ్-ఓన్లీలోకి వెళ్లిపోయాయి. అంటే ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి, కొత్తగా ఒక్క అక్షరం సేవ్ కాదు. 5బి2తో మొదలయ్యే వెర్షన్ ఆ సమస్య రాకుండా ఆపింది కానీ, అప్పటికే అలా అయిపోయినవాటిని బాగుచేయలేదు. ఆ తర్వాత వచ్చిన 990 ప్రోలోనూ అంతే. డ్రైవ్‌కు ఇంకా ఎంత ఆయుష్షు మిగిలిందో చెప్పే హెల్త్ శాతం వేగంగా పడిపోతుంటే 2023 ఫిబ్రవరిలో అప్‌డేట్ ఇచ్చారు. తగ్గడం ఆగింది, పోయిన శాతం తిరిగి రాలేదు. మీ మోడల్‌కు ఇలాంటి హెచ్చరిక వస్తే వాయిదా వేయకండి.

1. ముందు డ్రైవ్ ఎవరిదో తేల్చుకోండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే పైన మోడల్ పేరు, దాని కింద ఫర్మ్‌వేర్ వెర్షన్, ఎడమవైపు హెల్త్ శాతం కనిపిస్తాయి. ఆ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

మోడల్ దగ్గర '980 ప్రో' లాంటి షాపులో దొరికే పేరుంటే డ్రైవ్ కంపెనీ టూల్ వాడాలి. శాంసంగ్‌కు మెజీషియన్, క్రూషియల్‌కు స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్, కింగ్‌స్టన్‌కు ఎస్‌ఎస్‌డీ మేనేజర్. అలా కాకుండా 'ఎంజెడ్‌వీ' అని మొదలయ్యే పొడుగాటి కోడ్ ఉంటే, అది కూడా శాంసంగ్ డ్రైవే కానీ ల్యాప్‌టాప్ కంపెనీ కోసం తయారైనది. దాని అప్‌డేట్ లెనోవో వాంటేజ్, డెల్ సపోర్ట్‌అసిస్ట్, హెచ్‌పీ సపోర్ట్ అసిస్టెంట్ లాంటివాటి ద్వారా వస్తుంది. మెజీషియన్‌లో రాలేదని ఎక్కడో దొరికిన ఫైల్‌ను దానికి ఎక్కించబోవడం కొరివితో తల గోక్కోవడమే.

2. బ్యాకప్

డేటా పోకుండానే పూర్తయ్యే అప్‌డేట్లే ఎక్కువ. అయినా డ్రైవ్‌ను తుడిచేసేవీ ఉన్నాయి కాబట్టి నోట్స్ చివరిదాకా చదవండి. ఫోటోలు, డాక్యుమెంట్లు వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, రెండుమూడు ఫైళ్లు అక్కడి నుంచే తెరిచి చూడండి. ఇప్పటికే రీడ్ ఎర్రర్లు వస్తున్న డ్రైవైతే డేటా బయటికి తీసేదాకా అప్‌డేట్ ఊసే ఎత్తొద్దు.

3. బిట్‌లాకర్ సంగతి చూడండి

విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డేటాకు వేసే తాళం, ఆన్ అయి ఉంటుంది. విండోస్‌లో ఈ పని చేసేదే బిట్‌లాకర్. అప్‌డేట్ తర్వాత నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగితే అప్పుడు వెతుక్కోవడం మహా టెన్షన్. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీని ముందే కాగితం మీద రాసుకోండి. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్‌ను 'సస్పెండ్' చేస్తే చాలు, పూర్తిగా తీసేయనక్కర్లేదు.

4. కరెంటు

చార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ కనీసం సగమైనా ఉండాలి. చార్జర్ తీయగానే ఆరిపోయే పాత ల్యాప్‌టాప్ అయితే యూపీఎస్‌కో ఇన్వర్టర్‌కో పెట్టి చేయండి. స్లీప్ ఆఫ్ చేయండి, విండోస్ అప్‌డేట్‌ను పాజ్‌లో పెట్టండి.

5. అప్‌డేట్

మిగతా ప్రోగ్రాములన్నీ మూసేసి టూల్‌లో అప్‌డేట్ నొక్కండి. సాధారణంగా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. బార్ ఒకేచోట ఆగినట్టు కనిపించినా పవర్ బటన్ జోలికి పోవద్దు, మూత వేయొద్దు.

టూల్‌కు అసలు డ్రైవే కనిపించకపోతే ఇంటెల్ వీఎండీ (ఇంటెల్ ప్రాసెసర్ ద్వారా డ్రైవ్‌లను నడిపించే సెట్టింగ్) కారణం కావచ్చు. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్) దాన్ని ఆఫ్ చేయమని సలహాలు దొరుకుతాయి. అలా చేస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు కాబట్టి, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో అప్‌డేట్ ఉందేమో చూడటం మేలు. డ్రైవ్‌ను ఊడదీసి యూఎస్‌బీ కేస్‌లో పెట్టి చేద్దామన్నా కుదరదు, చాలా టూల్స్ ఒప్పుకోవు.

లైనక్స్ వాడేవాళ్లకు ఎఫ్‌డబ్ల్యూఅప్‌డి అనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ టూల్ ఉంది, కాకపోతే అన్ని కంపెనీల డ్రైవ్‌లూ అందులో లేవు. మ్యాక్‌లో యాపిల్ పెట్టిన ఎస్‌ఎస్‌డీ అయితే ఫర్మ్‌వేర్ మ్యాక్ఓఎస్ అప్‌డేట్‌తోనే వచ్చేస్తుంది.

6. అయ్యాక

షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. మామూలుగా నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగదు. మళ్లీ ఆన్ చేసి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో వెర్షన్‌ను ఫోన్‌లో ఉన్న ఫోటోతో పోల్చి చూడండి. మారకపోతే వెంటనే మళ్లీ అప్‌డేట్ కొట్టకుండా, ఇంకోసారి పూర్తిగా ఆపి ఆన్ చేయండి. కొన్ని డ్రైవ్‌లలో అప్పుడుగానీ కొత్త ఫర్మ్‌వేర్ పనిలోకి రాదు. అంతా సరిగ్గా ఉంటే బిట్‌లాకర్‌ను, స్లీప్‌ను మళ్లీ ఆన్ చేయండి. బ్యాకప్‌ను మాత్రం వారం రోజులైనా అలాగే ఉంచండి.