కరెంటు నాణ్యత, 3వ పాఠం: మూడు ఫేజులూ ఉన్నా మోటారెందుకు కాలింది?

పోయిన పాఠంలో సైడీ, సైఫీ లెక్క వేశాం కదా. ఏడాదిలో సగటున ఒక్కో కనెక్షన్‌కి ఎంతసేపు, ఎన్నిసార్లు కరెంటు పోయిందో చెప్పే అంకెలవి. వాటిలో పెద్ద లొసుగే ఉంది: కరెంటు పోతేనే అవి కదులుతాయి, ఉన్న కరెంటు ఎలా ఉందో వాటికి పట్టదు.

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడే ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటారు యంత్రాలు) ఆగకూడదు. లైను ఉంటుంది, లైట్లూ వెలుగుతుంటాయి, మోటారు మాత్రం కాలిపోతుంది. వెంటనే అందరూ అనేది "లో వోల్టేజీ అండీ" అని. చాలాసార్లు అసలు గొడవ మూడు ఫేజుల వోల్టేజీల మధ్య తేడా. ఒకే ఫేజు మీద ఇళ్లు, షెడ్లు ఎక్కువ పడినా, ఎక్కడో జాయింటు వదులైనా వస్తుందిది.

లెక్క చూడండి. మోటారు నడుస్తుండగా స్టార్టర్ దగ్గర లైనుకీ లైనుకీ మధ్య 412, 400, 388 వోల్టులు వచ్చాయనుకుందాం. సగటు 400. దాన్నుంచి బాగా దూరంగా ఉన్న రీడింగుకి తేడా 12. 12ని 400తో భాగిస్తే 3 శాతం. నెమా (NEMA, అమెరికాలో కరెంటు పరికరాల తయారీదారుల సంఘం) పద్ధతి ఇదే.

మూడేగా అనుకోకండి. ఈ తేడా వల్ల మోటారులో ఎదురు దిశలో తిరిగే అయస్కాంత క్షేత్రం కూడా పుడుతుంది, దానికి మోటారులో ఇంపిడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) చాలా తక్కువ, అందుకే ఫేజుల కరెంటులో తేడా వోల్టేజీ తేడాకి 6 నుంచి 10 రెట్లు ఉంటుంది. వేడికి ఓ బండ లెక్క: శాతాన్ని వర్గం చేసి రెట్టింపు చేయండి. 2×3×3, అంటే మోటారు వేడెక్కడం సుమారు 18 శాతం పెరుగుతుంది. 1 శాతం లోపు ఫర్వాలేదు, 5 దాటితే నడపొద్దంటుంది నెమా. రిలే (కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేసే పరికరం) అస్తమానం ట్రిప్ అవుతోందని సెట్టింగు పెంచేసేవాళ్లకి ఇంక చెప్పేదేముంది!

తప్పు లైనుదా, మోటారుదా? మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత మోటారుకెళ్లే మూడు వైర్లనీ వరసగా ఒక్కో స్థానం జరిపించండి (రెండే మారిస్తే ఏరేటర్ వెనక్కి తిరుగుతుంది). మళ్లీ నడిపి టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరుతో) చూస్తే, ఎక్కువ కరెంటు అదే సప్లై ఫేజులో ఉండిపోతే తప్పు లైనుది, మోటారు వైరుతో పాటు జరిగితే వైండింగ్‌ది.

ఈ వారం పని: రాత్రి 7కి, తెల్లవారుజామున 4కి మూడు వోల్టేజీలూ రాయించి ఉంచండి. వచ్చే పాఠంలో హార్మోనిక్స్‌కి (కరెంటు తరంగం ఆకారం చెడిపోవడానికి) అవే రీడింగులు కావాలి.