గ్యాస్ వాసన వస్తోందా? రెగ్యులేటర్ కొనే ముందు వాషర్ చూడండి

గ్యాస్ లీకని ఫోనొచ్చి ఏ ఇంటికి వెళ్ళినా ఫైర్ స్టేషన్ వాళ్ళం మేం ముందు అడిగేది "సబ్బు నీళ్ళు పెట్టి చూశారా?" అనే. దాదాపు అందరూ లేదనే అంటారు. అప్పటికే ఒకరు కొత్త రెగ్యులేటర్ కొనేసి ఉంటారు, ఒకరు పైపు మార్పించి ఉంటారు. అగ్గిపుల్ల గీసి చూసినవాళ్ళూ ఉన్నారు. ఆ పని మాత్రం చచ్చినా చెయ్యొద్దు.

వాసన ఇల్లంతా నిండిపోతే ఇది చదువుతూ కూర్చోకండి. దేవుడి దగ్గర దీపం, అగరొత్తి ఆర్పెయ్యండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ తీసుకుని బయటికి వచ్చెయ్యండి. స్విచ్చి వెయ్యొద్దు, వేసి ఉన్నదాన్ని ఆపొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి అసలు పోవద్దు. ఫోన్ కూడా బయటికి వచ్చాకే: గ్యాస్ ఎమర్జెన్సీకి 1906, ఫైర్‌కి 101. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. ముక్కుకి వాసన తగ్గిందని నమ్మి లోపలికి వెళ్ళి లైటు వెయ్యకండి.

ఇక అప్పుడప్పుడూ వచ్చిపోయే వాసన సంగతి. గ్లాసు నీళ్ళలో కాస్త షాంపూ కలిపి నురగ చెయ్యండి. స్టవ్ నాబులన్నీ కట్టేసి, రెగ్యులేటర్ మాత్రం ఆన్‌లో ఉంచి, సిలిండర్ మూతి నుంచి స్టవ్ దాకా రాసుకుంటూ రండి. బుడగ ఎక్కడ లేస్తే లీకు అక్కడే.

స్టవ్ దగ్గరే వాసనైతే

పాలు పొంగి మంట ఆరిపోవడం, నాబు సగంలో ఆగిపోవడం. చాలావరకు ఇంతే. నాబు కట్టినా దాని చుట్టూ బుడగలొస్తుంటే మెకానిక్‌తో సర్వీసింగ్ చేయించండి.

పైపు మీద బుడగలొస్తే

గ్రానైట్ గట్టుకి కొట్టిన రంధ్రంలోంచి పైపు దూరే చోటు చూడండి. రాయి అంచుకి ఒరుసుకుని అక్కడే కోసుకుపోతుంది. గట్టు కింద ఎలుకలు కొరికిన చోట్లూ చూడండి. సురక్షా పైపు (నారింజ రంగు రబ్బరు గ్యాస్ పైపు) మీద తయారైన తేదీ ఉంటుంది, అయిదేళ్ళు దాటితే బాగున్నా మార్చాల్సిందే. పైపుకి గుడ్డ గానీ ప్లాస్టిక్ తొడుగు గానీ వెయ్యకండి, పగుళ్ళు కనబడవు.

కొత్త సిలిండర్ పెట్టిన రోజు నుంచే వాసనైతే

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. రెగ్యులేటర్ ఆపితే వాసన పోతుంది, తిప్పితే మెల్లగా మళ్ళీ మొదలవుతుంది. దాంతో తప్పు రెగ్యులేటర్‌దే అనుకుంటారు. కానీ నిన్నటి సిలిండర్ మీద అదే రెగ్యులేటర్ వాసన లేకుండా పనిచేసింది కదా? మారింది సిలిండర్ ఒక్కటే.

సిలిండర్ మూతి లోపల నల్లటి రబ్బరు వాషర్ ఒకటి ఉంటుంది. రెగ్యులేటర్ ముక్కు దానిలోకి బిగుసుకుంటేనే గ్యాస్ పక్కకి పోకుండా పైపులోకి వెళ్తుంది. వాషర్ చిట్లినా, ఊడిపోయినా ఆ సందులోంచి కారుతుంది. డెలివరీ అబ్బాయి మూతిలో నీళ్ళు పోసి "లీకు లేదమ్మా" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అప్పటికి లోపలి పిన్ను (గ్యాస్‌ని సిలిండర్లోనే ఆపి ఉంచే వాల్వు) మూసుకుని ఉంది, ఆ నీళ్ళు పరీక్షించింది పిన్నునే. రెగ్యులేటర్ తిప్పి, పిన్ను లోపలికి నొక్కుకున్నాకే వాషర్‌కి పని పడుతుంది. అందుకే అతను గుమ్మం దాటకముందే రెగ్యులేటర్ పెట్టించి, ఆన్ చేయించి, దాని కింది అంచు చుట్టూ నురగ రాసి చూడమనండి.

మోసం ఇంకోటుంది. రెగ్యులేటర్ మారిస్తే కొత్తది కాస్త వేరుగా కూర్చుని కొన్నాళ్ళు వాసన ఆగొచ్చు. ఈలోగా సిలిండర్ అయిపోతుంది, మంచి వాషర్ ఉన్నది వస్తుంది, పేరు రెగ్యులేటర్‌కి దక్కుతుంది. మళ్ళీ ఎప్పుడో పాడు వాషర్ సిలిండర్ వచ్చినప్పుడు అదే కథ.

చెయ్యాల్సింది: రెగ్యులేటర్ ఆపి తీసెయ్యండి, మూత బిగించండి, సిలిండర్‌ని నిలబెట్టే బాల్కనీలోకో పెరట్లోకో చేర్చండి. అక్కడ పగటి వెలుతుర్లో మూత తీసి చూడండి. రింగు గుండ్రంగా, చీలిక లేకుండా, సమంగా కూర్చుని ఉండాలి. తేడా ఉంటే మూత పెట్టేసి డీలర్‌కి ఫోన్ చెయ్యండి. వాషర్ వేయించడమో సిలిండర్ మార్చడమో వాళ్ళ బాధ్యత. పిన్నీసుతోనో చాకుతోనో మీరు కెలకొద్దు, ఆ మొన పిన్నుకి తగిలితే గ్యాస్ ఎగజిమ్ముతుంది. ఎం-సీల్, టేపు, పాత సిలిండర్ నుంచి పీకిన వాషర్ ఏదీ వద్దు. ఆ ప్లాస్టిక్ మూతని పారెయ్యకండి. పిన్ను దగ్గరే కారుతుంటే అప్పటికప్పుడు ఆపేది అదే.

సిలిండర్ ఒంటికే చిల్లు పడటం అరుదు. పడిందంటే బయట పెట్టి ఫోన్ చెయ్యడమే. సిలిండర్‌ని మళ్ళీ పరీక్షించాల్సిన గడువు మాత్రం తీసుకునేటప్పుడే చూడండి: పైన పట్టీ మీద ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన సంవత్సరం. ఏ అంటే జనవరి–మార్చి, డీ అంటే అక్టోబర్–డిసెంబర్.

రెగ్యులేటర్ దగ్గర మంట అంటుకుంటే, అది చిన్నగా ఉండి చెయ్యి అందితేనే, తడి గోనెసంచి కప్పి నాబు కట్టెయ్యండి. అందకపోతే వదిలేసి బయటికి రండి. గ్యాస్ కట్టకుండా మంట మాత్రం ఆర్పితే కారేదంతా గదిలో పేరుకుని మళ్ళీ ఒక్కసారిగా అంటుకుంటుంది. ఫోన్లో మాకు చెప్పాల్సినవి: ఎన్నో అంతస్తు, సిలిండర్ ఎక్కడుంది, మండుతోందా కారుతోందా, లోపల ఎవరైనా ఉన్నారా. ఒక మనిషిని వీధి మొదట్లో నిలబెట్టండి, అడ్డంగా ఉన్న బైకులు తీయించండి.