భ్రమణ తలాల వైశాల్యం: సమాధానం తప్పుతున్నప్పుడు ఎక్కడ చూడాలి

ఒక వక్రాన్ని అక్షం చుట్టూ తిప్పినప్పుడు ఏర్పడే తలాన్ని సన్నని పట్టీల వరుసగా ఊహించుకోవాలి. ఒక్కొక్క పట్టీ వైశాల్యం దాని చుట్టుకొలతను వెడల్పుతో గుణిస్తే వస్తుంది. చుట్టుకొలత అంటే వ్యాసార్ధానికి 2π రెట్లు. వెడల్పు అంటే ఆ చోట వక్రం మీద ఉన్న చాపపు ముక్క పొడవు. ఈ లెక్కల్లో దొర్లే పొరపాట్లు చాలావరకు ఈ రెండింటిలో ఒకదాన్ని తప్పుగా తీసుకోవడం వల్ల వచ్చేవే కాబట్టి, సమాకలనం (పట్టీలన్నిటినీ కలిపే లెక్క) చేసిన తీరును తిరగేయడానికి ముందు వీటినే పరిశీలించాలి.

సమస్య: వైశాల్యం తక్కువగా వస్తోంది.

వై = ఎక్స్ అనే సరళరేఖను 0 నుంచి 1 వరకు ఎక్స్ అక్షం చుట్టూ తిప్పితే అడుగు వ్యాసార్ధం 1, ఏటవాలు ఎత్తు √2 గల శంకువు వస్తుంది. దాని వక్రతల వైశాల్యం π√2, అంటే సుమారు 4.44. పట్టీ వెడల్పుగా అక్షం వెంబడి ఉన్న చిన్న ముక్క డీఎక్స్‌నే తీసుకున్నవారికి మాత్రం π, అంటే 3.14 వస్తుంది.

దీనికి కారణం ఘనపరిమాణం లెక్కల్లో పడిన అలవాటు. అక్కడ శంకువును పలుచని బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్లను స్థూపంగా భావించినా ఇబ్బంది లేదు, ఎందుకంటే బిళ్ల పలచబడేకొద్దీ అంచున వదిలేసిన ముక్క ఆ బిళ్లతో పోలిస్తే లెక్కలోకి రానంత చిన్నదైపోతుంది. వైశాల్యంలో అలా జరగదు. బిళ్ల మందం 0.1 అయితే పట్టీ వెడల్పు సుమారు 0.1414, మందం 0.001 అయితే వెడల్పు సుమారు 0.001414. ఎంత సన్నగా కోసినా నిష్పత్తి √2 దగ్గరే నిలిచి ఉంటుంది. మెట్లను ఎంత చిన్నవి చేసినా వాటి మొత్తం కొలత వాలు కొలత కాలేదు. ఈ ఒక్క విషయం మనసుకు పట్టినవారు సూత్రాన్ని కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదని నా నమ్మకం.

పరిష్కారం: అవకలజాన్ని (ఆ చోట వక్రం వాలును) వర్గం చేసి, 1 కలిపి, వర్గమూలం తీసి, దానితో డీఎక్స్‌ను గుణించాలి. ఇక్కడ అవకలజం 1 కనుక గుణకం √2 అవుతుంది, సమాధానం సరిపోతుంది.

సమస్య: సమాకలని చిక్కుపడుతోంది, విలువ కూడా కుదరడం లేదు.

వై = ఎక్స్² వక్రాన్ని ఎక్స్ విలువ 0 నుంచి 2 వరకు వై అక్షం చుట్టూ తిప్పామనుకుందాం. వ్యాసార్ధం అంటే తిప్పే అక్షం నుంచి బిందువుకున్న దూరం కాబట్టి ఇక్కడ అది ఎక్స్. అలవాటుగా ఎక్స్² వేస్తే సుమారు 53.23 వస్తుంది, అది ఎక్స్ అక్షం చుట్టూ తిప్పినప్పటి తలం వైశాల్యం. ఎక్స్ వేస్తే, 1 + 4ఎక్స్² బదులు కొత్త చలరాశిని ప్రతిక్షేపించగానే లెక్క తేలిపోయి π(17√17 − 1)/6, అంటే సుమారు 36.18 వస్తుంది. వై చలరాశిలో చేసినా ఇదే రావాలి, అయితే అప్పుడు అవధులు 0 నుంచి 4 అవుతాయి. వై = −1 రేఖ చుట్టూ తిప్పితే వ్యాసార్ధం వై + 1.

సమస్య: సమాధానం సున్నా వస్తోంది.

వై = ఎక్స్³ వక్రాన్ని −1 నుంచి 1 వరకు ఎక్స్ అక్షం చుట్టూ తిప్పినప్పుడు ఇలా జరుగుతుంది. దూరం రుణాత్మకం కాదు. వై బదులు దాని పరమ మూల్యాన్ని వాడాలి. 0 నుంచి 1 వరకు వచ్చే π(10√10 − 1)/27 ను రెట్టింపు చేస్తే సుమారు 7.13 వస్తుంది.

సమస్య: గోళం లెక్కలో హారం సున్నా అవుతోంది.

అర్ధవృత్తాన్ని దాని వ్యాసం చుట్టూ తిప్పితే గోళం వస్తుంది. ఆ అర్ధవృత్తం చివరల వద్ద స్పర్శరేఖ నిలువుగా ఉండటం వల్ల అవకలజం అనంతమవుతుంది. అవధులను ముందే ప్రతిక్షేపించకుండా, పట్టీ వ్యాసార్ధాన్నీ చాపపు ముక్కనూ మొదట గుణించండి. హారం కొట్టివేయబడి, గోళం వ్యాసార్ధం ఆర్, డీఎక్స్ మాత్రమే మిగులుతాయి. 4πఆర్² రావడమే కాక, గోళం మీది పట్టీ వైశాల్యం అక్షం వెంబడి దాని ఎత్తు మీదే ఆధారపడుతుందన్న అందమైన ఫలితమూ దక్కుతుంది.

సమస్య: సమాధానం అనంతం.

ఇది పొరపాటు కాకపోవచ్చు. వై = 1/ఎక్స్ వక్రాన్ని 1 నుంచి అనంతం వరకు ఎక్స్ అక్షం చుట్టూ తిప్పితే వచ్చే బూరను 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి పరిశీలించారు. దాని ఘనపరిమాణం కేవలం π. వైశాల్యంలో మాత్రం వర్గమూల గుణకం ఎప్పుడూ 1 కంటే ఎక్కువే కనుక, మొత్తం 2π/ఎక్స్ సమాకలని కంటే పెద్దదవుతుంది; ఆ సమాకలని సంవర్గమానంలా హద్దు లేకుండా పెరుగుతుంది.