హోటల్ పాయింట్లా, తక్కువ రేటా? బుక్ చేసేముందు ఈ లెక్క వేసుకోండి

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ డబ్బుల్తో నెలకి నాలుగైదు రాత్రులు బయట పడుకునేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి హోటల్ పాయింట్ల వెంటపడటం దండగ. మారియట్ హోటళ్ళ పాయింట్ల స్కీమ్ బాన్‌వాయ్‌నే తీసుకోండి, అందులో గోల్డ్ మెంబర్ హోదా రావాలంటే ఏడాదికి 25 రాత్రులు, ఫ్రీ టిఫిన్ లాంటివి మొదలయ్యే ప్లాటినమ్‌కి 50. మనం తిరుపతికోసారి వైజాగ్‌కోసారి వెళ్ళి ఎప్పటికి చేరతాం?

మెంబర్‌షిప్ మాత్రం తీసుకోండి, ఫ్రీయే కదా. హోటల్ సొంత సైట్‌లో లాగిన్ అయితే మెంబర్ రేటు కొంచెం తక్కువ చూపిస్తుంది, ఆ రేటుని మేక్‌మైట్రిప్, అగోడా పక్కన పెట్టి చూడాలి. వాటిల్లో బుక్ చేస్తే మామూలుగా పాయింట్లూ రావు, రాత్రుల లెక్కలోకీ రాదు.

ఇప్పుడు అసలు లెక్క. మారియట్‌లో ఎక్కువ హోటళ్ళలో డాలర్‌కి 10 పాయింట్లు, అంటే 9,000 బిల్లుకి దాదాపు వెయ్యి. నేనైతే పాయింట్‌కి 50 పైసలే వేసుకుంటా, అంటే 500 రూపాయలు. బయట యాప్‌లో అదే రూమ్ 500 కంటే ఎక్కువ తేడాతో చవగ్గా వస్తుంటే ఆలోచించకుండా అక్కడే కొనేయడమే. 24 నెలలు అకౌంట్ కదలకపోతే ఆ పాయింట్లు కూడా పోతాయి మరి.

చాలామంది టాక్స్ దగ్గర బోల్తా పడతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 వరకు ఉన్న రూమ్‌కి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. 7,400 రూమ్ 7,770కి వస్తుంది, 7,600 రూమ్ 8,968 అవుతుంది, చూడ్డానికి తేడా 200 మాత్రమే! అందుకే పైన కనిపించే రేటు కాదు, డబ్బులు కట్టే చివరి స్క్రీన్‌లో అంకె చూసి పోల్చండి.

క్యాన్సిలేషన్ కూడా చూడండి బాబూ, ఓసారి 600 మిగులుతుందని నాన్ రిఫండబుల్ తీసుకున్నా, పెళ్ళి వాయిదా పడింది, మొత్తం గోవిందా.

బయట అదే రూమ్, అవే తేదీలు, అవే షరతులతో తక్కువ కనిపిస్తే, మారియట్ సైట్‌లోనే బుక్ చేసి 24 గంటల్లోపు బెస్ట్ రేట్ గ్యారంటీ క్లెయిమ్ పెట్టొచ్చు, ఒప్పుకుంటే ఆ తక్కువ రేటు మీద ఇంకో 25 శాతం తగ్గిస్తారు లేదా 5,000 పాయింట్లిస్తారు. స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.