ఫెయిలోవర్‌కి ముందు డ్రైవర్లు ఇలా చూడండి

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు స్టోరేజ్ టీముల్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి ఒక మాట. లినక్స్ క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) ఒక నోడ్‌కి, అంటే ఒక సర్వర్‌కి, ప్యాచ్ వేశాక, ఫెయిలోవర్‌కి (ఒక నోడ్ పనిని మరో నోడ్‌కి మార్చడం) ముందు డ్రైవర్ వెర్షన్ చూడమంటే చాలామంది మాడ్‌ఇన్ఫో (modinfo) కమాండ్ కొట్టి, కొత్త నంబర్ కనిపించగానే టికెట్ క్లోజ్ చేసేస్తారు. కానీ మాడ్‌ఇన్ఫో చూపించేది డిస్క్ మీదున్న ఫైల్ సంగతి, మెమరీలో నడుస్తున్నది ఇంకా పాతదే అయ్యుండొచ్చు. నిజంగా లోడ్ అయినది తెలియాలంటే /సిస్/మాడ్యూల్ (/sys/module) కింద ఆ డ్రైవర్ పేరున్న ఫోల్డర్‌లో వెర్షన్ ఫైల్‌ని క్యాట్ చేయండి, అది లేకపోతే అక్కడే ఎస్ఆర్‌సీవెర్షన్ (srcversion) ఫైల్ చూడండి.

ఎల్ఎస్‌మాడ్‌లో (లోడ్ అయిన డ్రైవర్ మాడ్యూళ్ల జాబితా చూపే lsmod కమాండ్) పేరు లేదని టెన్షన్ పడొద్దు, కెర్నల్‌లోనే (లినక్స్ అసలు గుండెకాయ) కలిపి కట్టిన డ్రైవర్లు అందులో రావు. ఏ కార్డుని ఏ డ్రైవర్ పట్టుకుందో ఎల్ఎస్‌పీసీఐ -కే (lspci -k) కమాండ్ చెబుతుంది, 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే లైన్ చూడండి.

రీబూట్ చేసినా పాతదే వస్తోందంటే ముందు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ని (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్, initramfs) అనుమానించండి. ఫైబర్ ఛానెల్ కార్డు (సర్వర్‌ని స్టోరేజ్‌కి కలిపేది) డ్రైవర్ బూట్‌లో అక్కడి నుంచే లోడ్ అవుతుంటే, రెడ్ హ్యాట్ మీద డ్రాకట్ -ఎఫ్ (dracut -f) కొట్టి ఆ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ని మళ్లీ కట్టాలి.

ఇదంతా ఒక్క నోడ్‌లో చూస్తే చాలదు, ప్రతి నోడ్‌లోనూ చూసి పక్కపక్కన పెట్టి పోల్చండి, తేడా ఉంటే అది తేలేదాకా ఫెయిలోవర్ ముట్టుకోవద్దు. లైవ్ నోడ్ మీద మాత్రం ఆర్ఎమ్‌మాడ్ (నడుస్తున్న డ్రైవర్‌ని తీసేసే rmmod కమాండ్) జోలికి అస్సలు పోవద్దు.