పీజీ డాక్టరు ఇంట్లో సంసారం నడపాలంటే

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌లో ఎండీ, ఎంఎస్ పీజీ కోర్సులంటే 3 ఏళ్లు. అద్దె తక్కువని మధురవాడలో దిగకండి. నైట్ డ్యూటీ దిగి నిద్రకళ్లతో అంత దూరం బండి నడపడం ప్రమాదం. మహారాణిపేట, డాబాగార్డెన్స్ వైపు ఇల్లు ఇరుకైనా మేలు.

డ్యూటీ చార్టు రాగానే ఫ్రిజ్‌కి అతికించండి. డ్యూటీ మర్నాడు బ్యాంకు పని, పిల్లల టీకా, చుట్టాలు ఏవీ పెట్టుకోవద్దు. ముందు అన్నం, తర్వాత కనీసం 6 గంటల నిద్ర. డబ్బు మాటలు సాయంత్రమే. నిద్రలేని పొద్దున ఎత్తితే గొడవే.

స్టైపెండ్ ఆలస్యమవచ్చు, 3 నెలల ఖర్చు విడిగా ఉంచండి.

అసలు కష్టం జిల్లా రెసిడెన్సీ. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో 3 నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. అమ్మమ్మనో నానమ్మనో ఆ నెలలకే రమ్మనండి. ఏడాదికి 20 క్యాజువల్ లీవుల్లో సగం పిల్లల జ్వరాలకు దాచండి.